కొమరరేవు సూది అంకె

జూన్ 15

వేట విరామం నిన్నటితో అయిపోయింది. ఈ తెల్లవారుజామున ఇరవైమూడు బోట్లు దిగాయి.

నాలుగున్నరకి స్టేషన్‌కి వచ్చాను. తాళాల గుత్తి, పిన్నీసులు, గొడుగు బయటి బుట్టలో పెట్టి లోపలికి వెళ్ళాను. ఈ గదిలో ఇనుప మేకు ఒక్కటి కూడా లేదు. తలుపు బందులు ఇత్తడివి, దూలాలకి చెక్క సీలలు. మధ్యలో గాజు పెట్టెలో పట్టుదారానికి వేలాడే అయస్కాంతం. అది ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, దుర్భిణిలోంచి పాత నీళ్ళ ట్యాంకు మీద అసలు దిక్కుకి గుర్తుగా సున్నంతో గీసిన నిలువు గీతని చూసి, ఆ రెండింటి మధ్య కోణం లెక్కకట్టాను. అసలు ఉత్తరానికీ సూది చూపించే ఉత్తరానికీ తేడా పడమరకి పద్నాలుగు డిగ్రీలు.

ఐదున్నరకి వైర్‌లెస్ మైకులో చెప్పాను. "కొమరరేవు. ఈరోజు అంకె పడమర పద్నాలుగు."

బోట్లు నడిపే సరంగులు ఒక్కొక్కరే తిరిగి చెప్పారు. ఎప్పటిలాగే మొదట పలికింది మా తమ్ముడు ధనకొండ. "పడమర పద్నాలుగు. అందిందక్కా."

మా నాయనమ్మ చిన్నప్పుడు ఈ అంకె ఏళ్ళ తరబడి కదిలేది కాదట. అసలు దానితో పనే ఉండేది కాదు, దారి ఉపగ్రహాలు చెప్పేవి. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత కవచం పదో వంతుకి పల్చబడ్డాక సూర్యుడి దెబ్బకి అవి ఒక్కొక్కటే మాడిపోయాయి. భూమి కడుపులో కరిగిన ఇనుము పాత దారి వదిలి తిరుగుతోందనీ, చివరికి ఉత్తరం దక్షిణం తారుమారవుతాయనీ బళ్ళో చెబుతారు. ఆ మార్పు పూర్తయ్యేది మా మునిమనవల కాలంలో కూడా కాదట. ఈలోగా సూది ఎటు చూస్తుందో రోజూ ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి. కొమరరేవులో ఆ పని నాది.

ఎండ కాస్తే, చుక్కలు కనబడితే నాతో ఎవరికీ పని లేదు. ఈ ముసురు రోజుల్లోనే ఉంది.

జూన్ 18

అంకె పడమర పద్నాలుగు.

పది గంటలకి సూరాడ తాతారావు వచ్చాడు. రేవులో అందరికంటే పెద్ద సరంగు. మెట్ల మీదే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. ఆయన మొలతాడుకి ఇనుప చాకు ఉంటుంది.

"అమ్మా రత్నం, నిన్న నేను గట్టుకి కాదు, కాలవ సంద్రంలో కలిసే మొగకాడ తేలేను. రెండు మైళ్ళు దచ్చిణానికి."

"నీటి లాగుడేమో బాబాయ్?"

"నీటి లాగుడు నాకు తెలీదేటి? నీ అంకె మీద తప్పెట్టట్లేదు. ఇక్కడ అది పద్నాలుగే అయ్యుంటాది. అక్కడికెల్లేసరికి పద్నాలుగు కాదు. అదీ నా మాట."

ఆయన వెళ్ళాక మళ్ళీ కొలిచాను. పద్నాలుగే. పుస్తకంలో అంకె పక్కన ఖాళీలో రాసుకున్నాను: బయట వేరా?

జూన్ 20

అంకె పడమర పద్నాలుగున్నర.

ఇంకో మూడు బోట్లు దక్షిణంగా తేలాయి. ఒకటి నాలుగు మైళ్ళు. ఎవరూ నన్నేమీ అనలేదు. కవచం పల్చబడ్డప్పట్నుంచి పొద్దెక్కాక ఎండలో మనుషులు తిరగరు కదా, అంతా పాకల కింద వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. నేను దాటి వెళ్తుంటే మాటలాపేశారు. అంతే.

మండల కేంద్రానికి ఫోన్ చేశాను. మా స్టేషన్లన్నింటికీ పర్యవేక్షకురాలు విశాలాక్షి గారు.

"మీ దగ్గర కొలత సరిగ్గా ఉందా?" అన్నారు.

"ఉందండి. రెండుసార్లు చూశాను. సముద్రం మీద మారిపోతోందని నా అనుమానం. కిందెక్కడో ఎదురు మచ్చ లేస్తోందేమోనండి."

ఎదురు మచ్చ అంటే చుట్టూ ఉన్న దానికి వ్యతిరేకంగా అయస్కాంత బలం పైకి పొడుచుకొచ్చే చోటు. శిక్షణలో పటాల మీద చూశాం. అలాంటివి దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్నాయి, చలి ప్రాంతాల్లో ఉన్నాయి. మా సముద్రంలో ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"అనుమానం మైకులో చెప్పకండి రత్నం గారూ. నా కింద మూడు వందల నలభై స్టేషన్లున్నాయి. ప్రతి ఒక్కరూ అంకెతోపాటు తమ భయం కూడా చెప్పడం మొదలుపెడితే నెల తిరిగేసరికి అంకెని ఎవరూ నమ్మరు. కొలిచింది పంపండి, చూస్తాను."

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు.

జూన్ 22

అంకె పడమర పదిహేను.

మబ్బు విడుస్తుందని గాలి వాలు చూసి తాతారావు చెప్పాడు. చేతి దిక్సూచి, సూర్యుణ్ణి పట్టే అద్దం తీసుకుని ధనకొండ బోటు ఎక్కాను. వాడు కాక బోటు పని చేసే కలాసీలు నలుగురు. అందరిలో పెద్ద కారే సింహాద్రి. యాభై దాటినవాడు, మాట తక్కువ. ఎనిమిది గంటలు కాకముందే మబ్బులోంచి కూడా ఎండ సూదుల్లా గుచ్చడం మొదలైంది. అతను తన తువ్వాలు తడిపి నా తల మీద కప్పాడు.

"కళ్ళు కప్పుకోకండి, పని సూసుకోండి. నెత్తి మాత్రం కప్పుకోండి" అన్నాడు.

ఎనిమిది మైళ్ళ దగ్గర మబ్బు చీలింది. నీడ పట్టి కొలిచాను. పంతొమ్మిది. పదిహేను మైళ్ళ దగ్గర ఇరవైఏడు. ఇరవై మైళ్ళ దగ్గర బోటు ఊగుతోంది, సూది నీళ్ళలో పుల్లలా తేలుతోంది. ఐదుసార్లు కొలిచి సగటు తీశాను. ముప్పైఆరు.

ఒడ్డున పదిహేను, ఇక్కడ ముప్పైఆరు.

ధనకొండకి చూపించాను. "ఇంత దూరం వస్తే నా అంకె పనికిరాదురా. మబ్బు పట్టిన రోజు నువ్వింత లోపలికి రాకు."

"చేప ఇక్కడుంటే ఎక్కడికెల్లమంటావక్కా?"

"అయితే సూదిని నమ్మకు."

వాడు నవ్వాడు. "సూదిని నమ్మేదెవడు? నిన్ను నమ్ముతాను. నువ్వు తప్పు సెప్పవు."

సింహాద్రి అప్పుడు సద్ది మూట విప్పుతున్నాడు. మా ఇద్దరినీ ఓసారి చూశాడు. నా చేతిలో చేప పులుసు కలిపిన ముద్ద పెట్టాడు.

జూన్ 23

అంకె పడమర పదిహేను.

విశాలాక్షి గారికి ఫోన్‌లో నిన్నటి కొలతలు చదివి వినిపించాను. అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"ఊగే బోటు మీద, చేతి దిక్సూచితో, ఒక్క రోజు కొలత. ఇది పట్టుకుని నేను పైకి వెళ్ళలేను. ముప్పయ్యో తారీకున మనిషిని పంపిస్తాను, సరైన పరికరంతో. అప్పటిదాకా స్టేషన్ అంకె ఒక్కటే ఇవ్వండి."

"అప్పటిదాకా బోట్లు వెళ్తాయి కదండీ."

"వెళ్తాయి. ఇన్నాళ్ళూ రెండు మైళ్ళు అటూ ఇటూ తేలి వచ్చారు కదా."

జూన్ 24

అంకె పడమర పదిహేనున్నర.

ఇది ఎవరూ చదవరనే ధైర్యంతో రాస్తున్నాను. ఇరవై మైళ్ళ మీద ముప్పైఆరు అన్న సంగతి తాతారావుకి చెప్పాను. ధనకొండకి తెలుసు. మిగిలిన ఇరవైఒక్క మంది సరంగులకి చెప్పలేదు. మైకులో వద్దన్నారు సరే, మనిషిని పట్టుకుని చెప్పొద్దని ఎవరూ అనలేదు. రేవు నడిచి రావడానికి గంట పడుతుంది.

నాకు ముందు ఇక్కడ పనిచేసిన ఆవిడ ఒకసారి మైకులో 'జాగ్రత్త' అంది. తొమ్మిది రోజులు బోట్లు దిగలేదు. ఆ తొమ్మిది రోజులూ సూది చక్కగానే ఉంది. జనమే వెళ్ళి ఫిర్యాదు చేశారు. ఆవిణ్ణి తీసేశారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నాను.

ముప్పయ్యో తారీకు ఎంతో దూరం లేదు అనుకుంటున్నాను.

జూన్ 26

పొద్దున్న అంకె పడమర పదిహేడు. రెండు రోజుల్లో ఒకటిన్నర. అలా ఎన్నడూ మారలేదు. స్టేషన్‌కి వచ్చేటప్పుడు మబ్బుల వెనక తూర్పు కాదు, ఉత్తరం ఎర్రగా ఉంది. సూర్యుడి మీద తుపాను లేచినప్పుడు అలా ఉంటుంది. మండల కేంద్రం నుంచి ఏ కబురూ రాలేదు. పదిహేడు అని చెప్పాను. ఇరవైమూడు బోట్లూ వెళ్ళాయి. ఆకాశం బూడిద కుండలా మూసుకుని ఉంది.

తొమ్మిదీ నలభైకి అలవాటుగా గాజు పెట్టెలోకి చూశాను. అయస్కాంతం ఊగుతోంది. గాలి లేదు, ఎవరూ రాలేదు, నా ఒంటి మీద ఇనుము లేదు. కొలిచాను. ఇరవైరెండు. కొలత రాసేలోపే ముప్పైఒకటి. తరవాత పన్నెండు. మన కవచం పల్చగా ఉన్నప్పుడు పైనుంచి వచ్చే తుపానుదే పైచేయి. సూది దాని మాట వింటుంది.

మండల కేంద్రానికి ఫోన్ చేశాను. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదు.

మైకు తీసుకున్నాను.

"కొమరరేవు. పొద్దుటి అంకె రద్దు. సూదిని నమ్మకండి. కొత్త అంకె లేదు. దక్షిణపు అల ఎడమ భుజం వెనక తగిలేటట్టు పెట్టుకుని గట్టుకి రండి. విన్నవాళ్ళు మీ అవతల బోటుకి చెప్పండి."

ముందుగా పలికింది తాతారావు గొంతు. "ఇన్నాను. అల ఎడం భుజం ఎనక. నా అవతలోడికి సెబుతున్నాను."

మా వైర్‌లెస్ సెట్టు ఇరవై మైళ్ళకి మించి అందదు. అవతల ఉన్నవాళ్ళకి బోటు నుంచి బోటుకి చెప్పుకోవాల్సిందే. ప్రతి ఐదు నిమిషాలకీ చెబుతూ, పలికిన బోటు పేరుకి టిక్కు పెడుతూ వచ్చాను. పదకొండింటికి పంతొమ్మిది. పన్నెండుకి ఇరవైరెండు. మిగిలిన ఒక్క పేరు ముందు పెన్సిలు పెట్టి కూర్చున్నాను. పొద్దున్న మొదట పలికిన గొంతు అది.

సాయంత్రానికి ఇరవైరెండు బోట్లు గట్టెక్కాయి.

జూన్ 27

అంకె ఇవ్వలేదు. అయస్కాంతం ఇంకా నిలకడగా లేదు. ఎవరూ దిగలేదు.

తాతారావు ఐదు బోట్లతో గట్టు కనబడే మేర వెతికి వచ్చాడు.

సింహాద్రి భార్య ఎల్లారమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుంది. చేతికున్న ఇనుప కడియం నేను చెప్పకుండానే తీసి బుట్టలో వేసింది. సెట్టులో గరగర వచ్చినప్పుడల్లా మెడ తిప్పి చూసింది.

జూన్ 28

కబురు లేదు. ఎల్లారమ్మ వచ్చింది. మంచినీళ్ళిస్తే తాగింది.

జూన్ 29

మధ్యాహ్నం ఫోన్ పలికింది. దక్షిణాన గోదావరి మొగ దగ్గర స్టేషన్ నుంచి. ధనకొండ బోటు అక్కడి ఇసుక మేట మీద పడి పగిలింది. నలుగురు ఒడ్డుకి చేరారు. ఒక మనిషి లేడు.

పేరు అడిగాను. చెప్పారు.

మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఎల్లారమ్మ నా మొహం చూసి లేచి నిలబడింది. నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

జూలై 1

నిన్న ఒంటిగంటకి సింహాద్రి శవం దొరికింది. ఈరోజు తీసుకొచ్చారు.

ధనకొండ సాయంత్రం స్టేషన్‌కి వచ్చాడు. పెదాలు ఉప్పుకి పగిలి ఉన్నాయి. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"నీ కబురు మాకు అందలేదక్కా."

"తెలుసు."

"మజ్జానం సింహాద్రి మావ సెప్పాడు. అల ముక్కు మీద కొడతాంది, మనం ఇంటికి కాదు, దచ్చిణానికి పోతున్నాం, తిప్పరా అన్నాడు. నేనినలేదు. అక్క పదిహేడు ఇచ్చింది అన్నాను. మళ్ళీ ఓ గంటకి సెప్పాడు. అప్పుడూ అదే అన్నాను. మూడోసారి సెప్పలేదు. మోటారు ఆగిపోయాక రెండు రోజులు ఆ నీళ్ళే ఈడ్చుకెల్లినియ్యి. మేట మీద అల తిరగేసినప్పుడు మావ మా అందర్నీ సెక్కకి కట్టేడు, తనకి తాడు సాల్లేదు."

వాడి భుజం మీద చెయ్యి వేశాను. వాడు తీసెయ్యలేదు, దగ్గరికీ జరగలేదు.

నేను తప్పు చెప్పనని వాడి నమ్మకం. ఆ నమ్మకం ఎంత బరువో ఇరవైరెండో తారీకున బోటు మీదే నాకు తెలియాల్సింది. నవ్వి ఊరుకున్నాను.

జూలై 3

ముప్పైన రావాల్సిన మనిషి ఈరోజు వచ్చారు. విశాలాక్షి గారే వచ్చారు. ఆవిణ్ణి చూడటం ఇదే మొదటిసారి. అనుకున్నదానికంటే చిన్న మనిషి, మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కారు. రెండు రోజుల క్రితమే సరైన పరికరంతో పడవ పంపించారట. ఇరవై మైళ్ళ దగ్గర నలభైఒకటి వచ్చింది.

ఈ పుస్తకం అడిగి తీసుకుని, కిటికీ దగ్గర కూర్చుని మొత్తం చదివారు. పద్దెనిమిదో తారీకు దగ్గర చాలాసేపు ఆగారు. ఇరవైనాలుగు దగ్గర అంతకంటే ఎక్కువసేపు.

"ఈ పక్క రాతలు ఉండకూడదు రత్నం గారూ. పుస్తకంలో అంకె, సమయం, సంతకం అంతే. సాఫీ ప్రతి రాసివ్వండి."

"ఇవి తీసేస్తే నేనేం చేశానో ఉండదు కదండీ."

"అందుకే అంటున్నాను. విచారణ జరుగుతుంది. ఇది చదివిన మొదటివాడు మీకు తెలిసి చెప్పలేదంటాడు. రెండోవాడు నా పేరు అంటాడు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను నా గురించి మాత్రమే చెప్పడం లేదు. నా గురించి కూడా చెబుతున్నాను."

రేపు పొద్దున్నదాకా ఆలోచించుకోమని రేవు బంగళాకి వెళ్ళిపోయారు.

కొత్త పుస్తకం తెరిచి మూడు రోజుల అంకెలు శుభ్రంగా రాశాను. చూడటానికి చాలా బాగుంది. ఎక్కడా కొట్టివేత లేదు. జూన్ పద్దెనిమిది, పడమర పద్నాలుగు, సంతకం. ఆ రోజు తాతారావు రానట్టే ఉంది.

అక్కడితో ఆపేశాను.

జూలై 4

ఆరు గంటలకి ఎల్లారమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ చాప మీద కూర్చుని ఉంది. చెయ్యి చూపించి కూర్చోమంది.

"ఇందులో నేను రాసిందంతా నీకు చదివి వినిపిస్తాను. తరవాత ఆఫీసుకిచ్చేస్తాను. ముందు నువ్వు వినాలి" అన్నాను.

"సదువు."

జూన్ పదిహేను నుంచి చదివాను. సింహాద్రి తువ్వాలు కప్పిన చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివాను. ఇరవైనాలుగు చదివాను, రేవు నడిచి రావడానికి గంట పడుతుందన్న మాట కూడా. చివరిదాకా చదివి పుస్తకం మూశాను.

"అంటే నీకు ముందే తెలుసు."

"తెలియదు. అనుమానం."

"అనుమానం ఒచ్చినప్పుడు అనుమానం ఒచ్చిందని సెప్పాలిగదమ్మా. మాకేవైనా తెలివి లేదా? సగం అనుమానమైతే సగం దూరం ఎల్దుం. మా ఆయన ఇంటికి తిరగమని రెండుసార్లు సెప్పాడంట గదా. నీ నోటెంట ఓ ముక్క ఒచ్చుంటే నీ తమ్ముడు ఆయన మాట ఇనేవోడు."

క్షమించమని అడగడానికి వెళ్ళినట్టు అప్పుడు నాకే తెలిసింది. అడగలేదు.

"ఇంకెల్లు" అంది.

పది గంటలకి విశాలాక్షి గారికి ఈ పుస్తకమే ఇచ్చాను, సాఫీ ప్రతి రాయలేదని చెప్పాను. ఆవిడ ఒక్కో పేజీకీ ఫొటో తీసుకున్నారు. పుస్తకం నాకే తిరిగి ఇచ్చారు.

"ఇలాగే పైకి పంపుతాను. తరవాత ఏమవుతుందో నాకూ తెలియదు. వేరే మనిషి వచ్చేదాకా మీరే కొలవండి."

జూలై 8

అయస్కాంతం నాలుగు రోజులుగా కాస్త నిలకడగా ఉంది. రేపు బోట్లు దిగుతామంటున్నారు. ఇళ్ళలో బియ్యం నిండుకున్నాయి. మైకులో ఏం చెప్పాలో నాకు ఏ ఉత్తర్వూ రాలేదు.

రేవంతా నడిచాను. సముద్రం మీద కొలతలు చెప్పడానికి ఇరవైరెండు మంది సరంగుల ఇళ్ళకీ వెళ్ళాను. ఇద్దరు తిట్టారు. ఒకాయన తలుపు తియ్యలేదు. మిగిలినవాళ్ళు విన్నారు.

జూలై 9

నాలుగున్నరకి వచ్చేసరికి మెట్ల మీద ఎల్లారమ్మ ఉంది. కడియం అప్పటికే బుట్టలో ఉంది.

"లోపలికి రావొచ్చా?"

రమ్మన్నాను. గాజు పెట్టెకి దూరంగా, గుమ్మం పక్కన కూర్చుంది. ఆవిడకి చదువు రాదు. నేను రాసే ముందు ప్రతి కొలతా పైకి చెప్పమంది. చెప్పాను. పద్దెనిమిది. ఇరవైఒకటి. పంతొమ్మిది.

"ఏటిది, ఒక్కోసారి ఒక్కోటి ఒత్తాంది?"

"ఎప్పుడూ అలాగే వస్తుంది. మధ్యది తీసుకుని చెబుతాం."

"మిగతావి?"

"వదిలేస్తాం."

"వొదలకు. అవెంత దూరం పోయినియ్యో అదీ సెప్పు."

ఐదున్నరకి మైకు తీసుకున్నాను. ఈ మాటకి పని పోతే పోతుంది. అసలు భయం అది కాదు. ఇది విన్నా ఎవరైనా రాకపోతే.

"కొమరరేవు. ఈరోజు అంకె ఒడ్డున పడమర పంతొమ్మిది. అనుమానం అటూ ఇటూ రెండు. పది మైళ్ళు దాటితే ఇరవైఆరు, అనుమానం ఎనిమిది. ఇరవై దాటితే అంకె లేదు. అక్కడ నాకేమీ తెలియదు."

సెట్టులో గరగర. ఇన్నేళ్ళలో నాకేమీ తెలియదని నేను మైకులో అనలేదు. ఎవరూ తిరిగి చెప్పరేమో అనుకున్నాను. తాతారావు గొంతు వచ్చింది, మెల్లగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. అంకె చెప్పాడు, అనుమానం చెప్పాడు, రెండో అంకె, రెండో అనుమానం. "ఇరవై అవతల తెలీదు. అందింది."

తరవాత ఇంకొకరు. ఇంకొకరు. పద్నాలుగు మంది ఈరోజు దిగం అన్నారు. ఎనిమిది బోట్లు వెళ్ళాయి. ధనకొండకి బోటు లేదు. తాతారావు వాణ్ణి కలాసీగా తీసుకెళ్ళాడు.

పగలంతా కొలుస్తూనే ఉన్నాను, అరగంటకొకసారి. ఎల్లారమ్మ ఇంటికి వెళ్ళలేదు. ప్రతిసారీ ఎంత అనడిగింది, అనుమానమెంత అనడిగింది. మూడింటికి అనుమానం నాలుగుకి పెరిగింది. మైకులో చెప్పాను. లోపలికి వెళ్ళిన రెండు బోట్లు వెనక్కి తిరుగుతున్నామని పలికాయి.

ఐదింటికి ఆవిడ మెట్ల మీదికి వెళ్ళి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను కుర్చీలోంచే విన్నాను. ఒకటి అంది. కాసేపటికి రెండు, మూడు అంది. ఐదు దాకా తొందరగానే వచ్చింది. ఆరుకి చాలాసేపు పట్టింది. ఏడు అని చెప్పాక ఇంకేమీ అనలేదు. నేను గోడ గడియారం వైపు చూడకుండా పుస్తకంలో గీతలు గీస్తూ కూర్చున్నాను.

ఆరూ ఇరవైకి ఆవిడ లోపలికి వచ్చి బుట్టలోంచి కడియం తీసుకుని చేతికి తొడుక్కుంది.

"ఎనిమిది. రాసుకో" అంది.